డీఓఎం ప్రభావం అంత ఆలస్యంగా ఎందుకు మొదలవుతుంది?

ఫార్మకాలజీ తెలిసినవారు కాస్త సాయం చేయండి. సెమినార్ కోసం డీఓఎం అనే భ్రాంతులు కలిగించే మత్తుపదార్థం గురించి చదువుతున్నాను. అమెరికన్ రసాయన శాస్త్రవేత్త అలెగ్జాండర్ షుల్గిన్ తయారుచేసిన ఈ యాంఫిటమిన్ జాతి పదార్థం 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎస్‌టీపీ పేరుతో మాత్రలుగా చేతులు మారింది. మోతాదు మరీ ఎక్కువ, ప్రభావం మొదలయ్యేది మాత్రం నెమ్మదిగా. ఇంకా ఏమీ కాలేదనుకుని మరో మాత్ర మింగినవారూ ఉన్నారు, చివరికి చాలామంది ఆసుపత్రుల పాలయ్యారు.

ఇది 5-హెచ్‌టీ2ఏ అనే సెరటోనిన్ గ్రాహకాలను మెదడులో ప్రేరేపిస్తుందని తెలుసు. ఆల్ఫా కార్బన్‌కు ఉన్న మిథైల్ సమూహం వల్ల మోనోఅమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ దీన్ని సులువుగా విచ్ఛిన్నం చేయలేదు. కాబట్టి ప్రభావం గంటల తరబడి సాగడంలో వింత లేదు. ఆరంభంలోని జాప్యమే కొరుకుడు పడటం లేదు! మెదడుకు చేరడమే ఆలస్యమా? కాలేయంలో మార్పు చెందాక పుట్టే పదార్థం పనిచేస్తోందా? జంతువులపై ప్రయోగాల్లో దీనికి జవాబు దొరికిందా? వాడినవారి అనుభవాలు నాకు అక్కర్లేదు, రసాయనం తెలిసినవారే చెప్పండి.