సోమవారమే సైన్స్ ఫెయిర్: తేలిగ్గా, ఆకట్టుకునేలా ఏం చేయించాలి?

అమ్ములు_అమ్మ: సోమవారం సైన్స్ ఫెయిర్ అని ఇవాళ, గురువారం సాయంత్రం డైరీలో రాసి పంపారు. పాప ఏడో తరగతి. మాది భీమవరం. అగ్నిపర్వతం చేస్తానంటోంది. ఇంకేదైనా తేలికైనది, చూసేవాళ్ళు ఆగి చూసేది చెప్పండి. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి రాత్రి ఏడు.

కోఠి_కుర్రాడు: నిమ్మకాయ బ్యాటరీ. నాలుగు కాయలు, నాలుగు రాగి ముక్కలు, జింక్ పూత ఉన్న మేకులు నాలుగు, ఒక ఎర్ర ఎల్ఈడీ. అరగంట పని.

సుద్దముక్క: ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పినవాణ్ణి. అగ్నిపర్వతం వద్దమ్మా. వంటసోడాలో నిమ్మరసం పోస్తే కార్బన్ డయాక్సైడ్ నురగలా పొంగుతుంది. భూమి లోపల రాయి కరగడానికీ దానికీ ఏం సంబంధం? మన దేశంలో నిప్పులు కక్కే కొండ అండమాన్లలో, బారెన్ దీవిలో ఉందని కూడా ఆ బొమ్మ పక్కన ఎవరూ రాయరు.

పాప చేత ఒక ప్రశ్న అడిగించండి. మీ ఊరి చుట్టూనే ఉంది: రొయ్యల చెరువు పక్క పొలానికి ఉప్పు ఊరితే విత్తనం మొలుస్తుందా? మూడు గిన్నెల్లో ఇరవయ్యేసి పెసలు. ఒకదానికి మంచినీళ్ళు, ఇంకోదానికి గ్లాసు నీళ్ళలో పావు స్పూను ఉప్పు, మూడోదానికి స్పూను నిండా. పూటపూటా మొలకలు లెక్కపెట్టి రాయాలి.

పులుసు_చారు: 2006లో ప్లూటోని గ్రహాల్లోంచి తీసేశాక మా వాడి సౌరకుటుంబంలో ఒక బంతి మిగిలిపోయింది. ఎవరికైనా కావాలా?

కోఠి_కుర్రాడు: పెసలు మొలిచేది చూడ్డానికి ఎవరు ఆగుతారు సార్?

సుద్దముక్క: నిమ్మకాయలో కరెంటు ఉంటుందని పిల్లల చేత చెప్పించడం కంటే నయం. కరుగుతూ శక్తినిచ్చేది జింకు. పులుపు దానికి దారి మాత్రమే.

కోఠి_కుర్రాడు: కాయలో కరెంటు ఉందని నేనన్నానా? ఎక్కడన్నానో చూపించండి! ఒక్కో కాయకు 0.9 వోల్టు అటూఇటూ వస్తుంది. ఎర్ర ఎల్ఈడీకి దాదాపు 2 కావాలి. అందుకే నాలుగు.

గోదారి_గట్టు: మూడు చాలు. 2.7 వస్తుందిగా.

కోఠి_కుర్రాడు: లెక్కలో చాలు. ఎల్ఈడీ తగిలించగానే వోల్టేజీ పడిపోతుంది. నాలుగు.

గోదారి_గట్టు: మేం మూడింటితోనే వెలిగించాం.

కోఠి_కుర్రాడు: వెలిగిందా, వెలిగిందని అనుకున్నారా?

ఇద్దరబ్బాయిల_నాన్న: ఎన్ని కాయలైతేనేం. మా పెద్దాడు మందార పూలు మరిగించి రసం తీశాడు. నిమ్మరసం పోస్తే గులాబీ రంగు, సబ్బునీళ్ళు పోస్తే ఆకుపచ్చ. పూలు కోసింది, గ్లాసులు కడిగింది అంతా వాడే. మొదటి బహుమతి దేనికొచ్చిందో తెలుసా? బజారులో కొన్న జేసీబీ బొమ్మకి. అడుగున ధర స్టిక్కర్ కూడా పీకలేదు. కాబట్టి అమ్మా, కొనెయ్యండి.

సుద్దముక్క: మీలాంటి తల్లిదండ్రుల వల్లే సైన్స్ ఫెయిర్లు సంతలయ్యాయి.

ఇద్దరబ్బాయిల_నాన్న: తల్లిదండ్రులా? మార్కులేసింది ఎవరు సార్? ముప్పై ఏళ్ళలో మీరూ జడ్జీగా కూర్చునే ఉంటారు. మీరు దేనికిచ్చారో చెప్పండి ముందు!

గోదారి_గట్టు: రెండింటితో కూడా కాస్త వెలగొచ్చు.

కోఠి_కుర్రాడు: అయ్యా, ఆపండి.

సుద్దముక్క: కూర్చున్నాను. ఒక ఏడాది లైట్లు వెలిగే స్మార్ట్ సిటీ బొమ్మకిచ్చాం. వచ్చిన అతిథి దాని ముందు ఫొటో దిగారు, ఇంకొకరికి ఇస్తే బాగోదన్నారు. నేను నోరు మూసుకున్నాను. చీమలు బెల్లం దగ్గరికి ఏ దారిన వస్తున్నాయో మూడు రోజులు రాసుకున్న పిల్ల ఒకతె ఉంది. కన్సొలేషన్ కూడా రాలేదు. ఆ నోటుబుక్ తిరిగి అడగలేదు, నా బీరువాలోనే ఉంది.

అమ్ములు_అమ్మ: మీరంతా మా పాపను మర్చిపోయి చాలాసేపయింది. నేను బహుమతి వచ్చేది అడగలేదు. పోయినేడు దాని చార్టు చూసి, "ఇంట్లో మీ నాన్న సాయం చెయ్యలేదా?" అన్నారు బళ్ళో. ఇంట్లో నాన్న లేడు. తేలికైనది అన్నానంటే, ఎవరి సాయం లేకుండా అది ఒక్కతే చేసి, ఎవరడిగినా జవాబు చెప్పుకోగలిగేది అని.

ఇద్దరబ్బాయిల_నాన్న: అమ్మా, కొనమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. మందారం అయినా పెసలైనా పాప చెయ్యగలదు.

పులుసు_చారు: పారాణి కూడా ఉంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది, నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపు. ఎందుకో తెలియకుండానే మా అమ్మమ్మ ఎన్ని పెళ్ళిళ్ళు చేసిందో!

అమ్ములు_అమ్మ: పెసలు రాత్రే నానేసింది. ఒక సందేహం మాస్టారూ. స్పూను అంటే టీ స్పూనా? ఇది కూర గరిటెతో ఒక గరిటెడు వేసేసింది.

సుద్దముక్క: సముద్రపు నీళ్ళలో లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పుంటుంది. మీ పాప సముద్రాన్ని దాటేసింది. పారబోయొద్దు. నాలుగో గిన్నె ఒకటి టీ స్పూనుతో పెట్టుకోమనండి. పుస్తకంలో మాత్రం "గరిటె" అనే రాయాలి, ఎంతేసిందో అంతే.

గోదారి_గట్టు: మూడు నిమ్మకాయల ఫొటో సాయంత్రం పెడతా. చీకటి పడనివ్వండి.