జపాన్ షిప్పో కూజాలలో తీగె గీత లేని బొమ్మ ఎలా వస్తుంది?

ప్రశ్న:
నమస్కారమండీ. మాది శ్రీకాకుళం జిల్లా. బుడితి ఇత్తడి పాత్రలపై నగిషీ పని నేర్చుకుంటున్నాను. జపాన్ వారి షిప్పో ఎనామెల్ కూజాల ఫొటోలలో కొన్నింటికి రంగుల మధ్య సన్నని వెండి గీత కనిపిస్తుండగా, మరికొన్నింటిలో మంచులో కొండ కరిగిపోయినట్టు గీత అనేదే కనిపించదు. ఈ తేడా ఎలా వస్తుంది? మన ఇత్తడిపై ఆ పని సాధ్యమేనా?

జవాబు 1:
మీరు చూసిన గీతలు తీగెలేనండీ. సన్నని తీగెను బొమ్మ ప్రకారం వంచి, రాగి కూజాపై నిలువుగా అంటించి, ఆ గళ్లలో తడి గాజుపొడి నింపి, సుమారు 800 డిగ్రీల వేడిలో కాలుస్తారు. కాలినప్పుడు పొడి కరిగి కుంగుతుంది కనుక, గడి అంచుదాకా నిండేవరకు మళ్లీ నింపి మళ్లీ కాల్చి, చివరకు రాళ్లతో సానపడతారు. నా దృష్టిలో అసలు విద్య ఈ సానలోనే ఉంది. క్యోటోకు చెందిన నమికావా యసుయుకి కూజాల నల్లని నేల అద్దంలా మెరవడం చూస్తే మీకే తెలుస్తుంది.

గీత లేనిది ‘ముసెన్’ పద్ధతి. టోక్యోలో నమికావా సోసుకే దానికి పేరు తెచ్చారు. కాల్పుకు ముందే తీగెలను తీసివేయడం వల్ల రంగులు అంచుల్లో ఒకదానిలో ఒకటి కలుస్తాయి. ఇంటిపేరు ఒకటే అయినా వీరిద్దరూ బంధువులు కారు. 1896లో ఇద్దరూ చక్రవర్తి ఆస్థాన కళాకారులయ్యారు.

జవాబు 2:
ఇత్తడి మాటకొస్తే, అందులోని జింకు ఆ వేడికి గాజు పొరను సరిగా పట్టనివ్వదు. విజయనగరంలో మా ఇంట్లో ఒక ఇత్తడి బిళ్లపై ప్రయత్నించగా, ముందు బుడగలు లేచి, చల్లారాక పొర పెచ్చులుగా ఊడింది. రాగి రేకుతో మొదలుపెట్టండి. వెనుకవైపు కూడా ఒక పూత వేస్తే రేకు వంకర పోదు.