అప్‌డేట్: రావి ఆకు ఈనెల (నరాల) వల చిరగకుండా వచ్చింది

వేసవి సెలవుల్లో పిల్లలతో కలిసి రావి ఆకుల్ని నానబెట్టి, గుజ్జు తీసేసి, మిగిలిన ఈనెల వల మీద బొమ్మలు వేద్దామనుకున్నామని, బ్రష్ తగలగానే ఆకు చిరిగిపోతోందని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

పనిచేసింది "లేతాకులు వద్దు, ఇంకా నానబెట్టండి" అన్న సలహా. ముదురు ఆకులు బకెట్లో వేసి నీడలో పెట్టాం. దోమలు గుడ్లు పెట్టకుండా మూత తప్పనిసరి. వారం చాలదు, రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. నీళ్లలోని సూక్ష్మజీవులు ఆకు కణాలను పట్టి ఉంచే పెక్టిన్‌ను కరిగించేస్తే గుజ్జు వదులుతుంది, గట్టి ఈనెలు నిలుస్తాయి. వేలితో రాస్తే పైపొర జారిందంటే సిద్ధమైనట్టే. వాసన భరించలేం, మధ్యమధ్య నీళ్లు మార్చాలి.

తర్వాత ఆకును పళ్లెంలో కొద్ది నీళ్లలో వెనకవైపు పైకి పరిచి, మెత్తటి టూత్‌బ్రష్‌తో తట్టాలి. రుద్దకూడదు. నడిమి ఈనె నుంచి అంచులకు వెళ్లాలి. మా చిన్నదానికి ఈ తట్టడం నాకంటే బాగా వచ్చింది! ఆకు కొసన పొడుగాటి తోక ఇట్టే తెగుతుంది, అక్కడ వేలితోనే తీశాం.

ఆకు చిరగడం బోరు నీళ్ల వల్లేమో అన్నారు కొందరు. మళ్లీ అవే నీళ్లు వాడాం, ఏ ఇబ్బందీ రాలేదు. బ్లీచ్ కూడా అక్కర్లేదు, లేత గోధుమ రంగు మీద పోస్టర్ కలర్ చక్కగా కనిపిస్తోంది. వాషింగ్ సోడాతో ఉడికిస్తే త్వరగా అవుతుంది గానీ, చిన్నపిల్లల దగ్గర ఆ వేడి సోడా నీళ్లు వద్దనిపించింది. పూర్తిగా ఆరకముందే పాత పేపర్ల మధ్య పెట్టి బరువు పెట్టండి, లేదంటే ముడుచుకుపోతుంది.