సన్నని రిమ్ (పళ్ల కింది వలయం) ఉన్న గేర్‌లో పగులు పంటిని తెంచుతుందా, రిమ్‌లోకి దిగుతుందా?

మాడ్యూల్ (పంటి పరిమాణ కొలత) 4, 24 పళ్ల స్పర్ గేర్ (నేరు పళ్లది), కార్బురైజ్ చేసినది, అంటే కార్బన్ ఎక్కించి పై పొరను (కేస్) గట్టిపరచినది; లోపలి భాగం కోర్. పంటి ఎత్తు 9 మి.మీ., రిమ్ మందం 8. అంటే బ్యాకప్ నిష్పత్తి (రిమ్ మందం / పంటి ఎత్తు) 0.89, రిమ్ సరిపోతుందనే హద్దు 1.2 కంటే బాగా తక్కువ, అందుకే ఈ అనుమానం. పంటి మొదట్లో, తన్యత (లాగుడు) వైపు ఫిల్లెట్‌లో (మూల వంపులో) నమూనాలో 0.2 మి.మీ. పగులు పెట్టి, పారిస్ సూత్రంతో (డెల్టా-కే నుంచి పగులు పెరిగే వేగాన్ని లెక్కించేది) 0.1 మి.మీ. చొప్పున పెంచుతున్నాను.

పక్క పంటిపై లోడు పడినప్పుడు రిమ్ వంగి పగులు మూసుకుంటోంది. ఆ రుణాత్మక భాగాన్ని డెల్టా-కేలో (ఒక లోడు చక్రంలో పగులు కొన వద్ద ఒత్తిడి తీవ్రత మారే పరిధి) కలపాలా, వదిలేయాలా? పైగా కేస్‌లోని అవశేష సంపీడన ఒత్తిడి డెల్టా-కేను మార్చదు, ఆర్ నిష్పత్తిని (చక్రంలో కనిష్ఠ, గరిష్ఠ తీవ్రతల నిష్పత్తి) కిందికి లాగుతుంది. ఆర్ సున్నా కంటే తగ్గాక వాకర్ సవరణను (ఆర్ ప్రభావాన్ని పారిస్ సూత్రంలో చేర్చేది) నేనైతే నమ్మను. ఎల్బర్ తరహా మూసివేత నమూనా (పగులు తెరుచుకుని ఉన్న భాగాన్నే లెక్కించేది) వాడినవారు, పగులు కేస్ దాటి కోర్‌లోకి వెళ్లాక స్థిరాంకాలు ఎలా మార్చారో చెప్పగలరా?