బంగాళాఖాతం మోడల్: సహసంబంధం 0.95 వస్తే చాలా?

ప్రశ్న: బంగాళాఖాతం ఉపరితల ఉష్ణోగ్రతను ఒక సముద్ర మోడల్‌తో లెక్కించి, ఆర్గో ఫ్లోట్ల (సముద్రంలో మునిగి తేలుతూ నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచే పరికరాల) కొలతలతో పోల్చగా సహసంబంధ గుణకం (రెండూ ఎంతగా కలిసి పెరిగి తగ్గుతాయో చెప్పే సంఖ్య, గరిష్ఠం 1) 0.95 వచ్చింది. మోడల్ నమ్మదగినదని రాయవచ్చునా?

జవాబు 1: ఇప్పుడే రాయకండి. ఏటా వచ్చే రుతుచక్రాన్ని సాధారణ మోడల్ కూడా పట్టుకోగలదు కనుక, ఆ సగటు చక్రాన్ని రెండు శ్రేణుల నుంచీ తీసివేసి, మిగిలిన విచలనాలను మాత్రమే పోల్చండి. గుణకం ఎంత పడిపోతుందో అప్పుడు తెలుస్తుంది. పైగా మోడల్ అన్నిచోట్లా, అన్నివేళలా 2 డిగ్రీలు వేడిగా ఉన్నా ఈ గుణకం మారదు. మోడల్‌ను కొలతలతో పోల్చి చూపడానికి 2001లో వచ్చిన టేలర్ రేఖాచిత్రం కూడా ఇలాంటి సగటు దోషాన్ని చూపదు కాబట్టి ఆ దోషాన్ని విడిగా ఇవ్వాలి.

జవాబు 2: ఆ ఫ్లోట్ల కొలతలనే మోడల్‌లోకి ముందుగా చేర్చి ఉంటే, ఇది ప్రశ్నపత్రం ముందే ఇచ్చి పరీక్ష పెట్టినట్టు అవుతుంది.

ప్రశ్నించినవారు: చేర్చలేదు. లవణీయతను (నీటి ఉప్పదనాన్ని) కూడా ఇలాగే పోల్చవచ్చునా?

జవాబు 2: పోల్చవచ్చు, కానీ జాగ్రత్త అవసరం. గంగా, బ్రహ్మపుత్రల మంచినీరు ఉత్తర బంగాళాఖాతంలో పలుచని పొరగా పరుచుకుంటుంది. చాలా ఫ్లోట్లు పైకి వస్తూ సుమారు 5 మీటర్ల లోతులోనే లవణీయత కొలవడం ఆపుతాయి. అంటే ఆ పైపొర వాటి కొలతల్లోకి రాకపోవచ్చు. కనుక మోడల్‌లో అన్నిటికన్నా పై పొర విలువను కాక, ఫ్లోటు కొలిచిన లోతులోని విలువనే తీసుకోండి.