కోడ్ కామెంట్లలో పేపర్ రిఫరెన్సులు ఎలా పెట్టాలి?

పర్లాకిమిడి_పిల్లోడు: అన్నా, మా గజపతి జిల్లా వరి పొలాలకి నీళ్ళ లెక్కేసే సీ ప్లస్ ప్లస్ కోడ్ రాస్తన్నాను, పొలం నుంచి నీళ్ళెంత ఆవిరవుతాయో లెక్కేసే పెన్‌మన్-మాంటీత్ సూత్రం ఎఫ్‌ఏఓ (ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ) 56వ నంబరు పుస్తకం (1998) నుంచి తీసుకున్నా, ప్రతి ఫంక్షన్ మీదా పేరంతా కొట్టాలంటే చిరాకేస్తంది, కామెంట్ల నుంచి డాక్యుమెంటేషన్ తయారుచేసే డాక్సీజన్‌లో దారేటైనా ఉందా?

బరంపురం_బాబాయ్: ఉంది నాయనా. వివరాలన్నీ ఒక డాట్ బిబ్ ఫైల్లో (రిఫరెన్సులు దాచే ఫైలు) పడేసి, కాన్ఫిగ్‌లో సైట్_బిబ్_ఫైల్స్ (CITE_BIB_FILES) దగ్గర దాని పేరిచ్చి, కామెంట్లో బ్యాక్‌స్లాష్ సైట్ (\cite) పక్కన కీ, అంటే ఆ ఫైల్లో పుస్తకానికిచ్చిన పొట్టి పేరు, రాస్తే చాలు, లిస్టు అదే తయారవుద్ది. రిఫరెన్సుల లిస్టు కట్టే బిబ్‌టెక్, పెర్ల్ భాష రెండూ మెషిన్లో ఉండాలి మరి.

రాయగడ_రాత్రిబండి: పైథాన్ వాళ్ళకైతే స్ఫింక్స్ అనే డాక్యుమెంటేషన్ టూల్‌కి బిబ్‌టెక్ ఎక్స్‌టెన్షన్ ఉంది. ఏదైనా సరే సమీకరణం నంబరు కూడా వెయ్యి తమ్ముడూ, నీ సూత్రం ఎఫ్‌ఏఓ 56లో 6వది. అంత లావు పుస్తకంలో ఎవడు ఎతుకుతాడు?

పర్లాకిమిడి_పిల్లోడు: పెర్ల్ ఎక్కించాక వచ్చేసింది బాబాయ్, [1] అని లింకు పడింది. నంబరు కూడా వేసేస్తా.