ఎత్తు భయానికి అశ్వగంధ పనిచేస్తుందా?

పదకొండో అంతస్తు:
నాకు 54 ఏళ్లు. మొన్నమొన్నటిదాకా గుంటూరులో డాబా ఇల్లు. ఇప్పుడు హైదరాబాద్‌లో మా అబ్బాయి దగ్గర, పదకొండో అంతస్తు. బాల్కనీలో బట్టలు ఆరేయడం నా వల్ల కావట్లేదు. రెయిలింగ్ ఇంకా మూడడుగులుందనగానే అరికాళ్లు జివ్వుమంటాయి. పోయిన ఆదివారం గోల్కొండ తీసుకెళ్లారు. బాలాహిస్సార్ దాకా ఎక్కడమైతే ఎక్కాను. దిగేటప్పుడు కిందికి చూశాను, అంతే! సగం మెట్లు కూర్చుని జరుగుతూ దిగాను. మనవరాలు అదంతా వీడియో తీసింది, అది వేరే సంగతి.

"అంతా వాతం వదినా" అంటోంది పక్క ఫ్లాట్ ఆవిడ. రాత్రి పాలల్లో అశ్వగంధ పొడి, వారానికి రెండుసార్లు నువ్వుల నూనెతో తలంటు చెప్పింది. పొడి డబ్బా కూడా తనే కొనిచ్చింది. నేను థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను. ఎవరైనా వాడి చూశారా?

స్కూటరమ్మ:
నేను సారస్వతారిష్టం అనే ఆయుర్వేద మందు రెండు నెలలు తాగానండీ. నిద్ర బాగా పట్టింది. ఫ్లైఓవర్ వస్తే మాత్రం ఇప్పటికీ బండి మా ఆయనకే ఇచ్చేస్తాను.

ఆయుర్వేదం చదివినవాడు:
అమ్మా, ఆ డబ్బా మూత తీయకండి. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్‌ని పెంచగలదు. మాత్ర రాసిన డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టొద్దు.

మీ పక్కావిడ మాట ఊరికే కొట్టిపారేసేది కాదు. ప్రకోపించిన వాతం భయాన్ని పుట్టిస్తుందని చరక సంహిత సూత్రస్థానం 12వ అధ్యాయంలో ఉంది. నూనె మర్దనా, వేళకు తిండి, నిద్ర అందుకే చెప్తాం. కానీ దానికి ముందు అధ్యాయంలోనే చికిత్సలు మూడు రకాలన్నాడు చరకుడు: దైవవ్యపాశ్రయం (మంత్రాలు, పూజల్లాంటివి), యుక్తివ్యపాశ్రయం, సత్త్వావజయం. పొడులూ కషాయాలూ రెండోదాంట్లోకి వస్తాయి. మూడోది, మనసు చెడ్డవైపు పరుగెత్తకుండా పట్టి నిలపడం. మీకు కావాల్సింది అది. ఇప్పటి మానసిక వైద్యులు ఎత్తుని కొంచెం కొంచెంగా అలవాటు చేయిస్తారే, అదీ ఈ దారిలోదేనని నా అభిప్రాయం. ఇంతకంటే బాగా పనిచేసే పొడి నేనైతే చూడలేదు.

పక్కమీద ఇటు నుంచి అటు దొర్లినా గది గిర్రున తిరుగుతుంటే మాత్రం అది భయం కాకపోవచ్చు. చెవి డాక్టర్‌కి చూపించుకోండి.

రంగుల మేస్త్రి:
19 ఏళ్లుగా అపార్ట్‌మెంట్లకి రంగులేస్తున్నా. కొత్త కుర్రాడొస్తే మొదటిరోజు మొదటి అంతస్తు పరంజా మీద ఊరికే కూర్చోబెడతా. పనేం చెప్పను. కిందికి కాదురా, నీ ముందున్న గోడ చూడు అంటా. దూరం చూస్తే కంటికి పట్టు దొరకదు, ఒళ్లు ఊగినట్టుంటుంది. వణుకు తగ్గాకే దిగమంటా. వణుకుతూ దిగినోడు మర్నాడు పనికి రాడు. అమ్మా, మీరు బాల్కనీ గుమ్మంలో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీసుకోండి. రోజూ కుర్చీ కాస్త జరపండి.

పదకొండో అంతస్తు:
పన్నెండు రోజులైంది. డాక్టర్ గారు పొడి వద్దన్నారు. డబ్బా పక్కావిడకే ఇచ్చేశాను, కాస్త మొహం ముడుచుకుంది. తలంటు మానలేదు, హాయిగా ఉంది. చిక్కుళ్లయ్యాయి, గోరుచిక్కుళ్లయ్యాయి, కుర్చీ గుమ్మం దాటి రెండు టైల్స్ ముందుకెళ్లింది. దుప్పట్లు ఇంకా మా అబ్బాయే ఆరేస్తున్నాడు. జేబురుమాళ్లు, జాకెట్లు నావి.